పెద్దవాళ్ల కండ కరగకుండా: బెంగళూరు తెలుగు ఇళ్లలో తిండి గురించి నేర్పడం ఎలా

"మా అమ్మ బాగానే తింటుందండీ, అయినా కాళ్లలో సత్తువ లేదంటోంది." బెంగళూరులో తెలుగు పెద్దవాళ్లకి తిండి గురించి చెప్పడానికి ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా పిల్లల నోట ముందుగా వచ్చే మాట ఇదే. ఆ మాటలో అబద్ధం లేదు. అమ్మ తింటోంది, కడుపు నిండుతోంది. కండకి కావలసిన ప్రొటీన్ మాత్రం ఒక్క పూట కూడా సరిపడా అందడం లేదు.

మదనపల్లె, అనంతపురం, నెల్లూరు, గుంటూరు, వరంగల్ నుంచి పిల్లల దగ్గరికి వచ్చి మారతహళ్లిలో, కె.ఆర్.పురంలో, రామమూర్తినగర్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉండిపోయిన తల్లిదండ్రులు వేలల్లో ఉన్నారు. ఊళ్లో ఉన్నప్పుడు పాలకి, కూరలకి, గుడికి నడిచేవాళ్లు. ఇక్కడ లిఫ్ట్ ఉంది, సామాను గుమ్మం దగ్గరికి వస్తుంది. కొడుకు, కోడలు ఆఫీసుకి వెళ్లాక ఒక్కరే కూర్చుని, "నా ఒక్కదానికి ఏం వండుకుంటాంలే" అని చారన్నంతో సరిపెట్టుకుంటారు. మనవడికి మాత్రం గుడ్డు ఒలిచి, పాలు కలిపి, వెంటపడి తినిపిస్తారు. ఆ గుడ్డు, ఆ పాలు తమకీ అంతే అవసరమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఈ మార్గదర్శి ఆ సంగతి చెప్పాల్సిన వాళ్ల కోసం. కొడుకు, కూతురు, కోడలు, అపార్ట్‌మెంట్‌లో పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడగలిగిన రిటైర్డ్ టీచర్, ఎవరైనా సరే. నేను గట్టిగా నమ్మే విషయం ఒకటుంది: డైట్ చార్ట్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటిస్తే ఎవరూ మారరు. వాళ్లు రోజూ వండుకునే వంటకంలో ఒక్క మార్పు చేసి చూపిస్తే మారతారు.

మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసింది

ముప్పై దాటాక మన ఒంట్లో కండ పదేళ్లకి 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతుంది. అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. బలం అంతకంటే వేగంగా తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని సార్కోపీనియా అంటారు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ పోషకాహార శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. కండ తగ్గుదలకి తోడు మరికొన్ని లక్షణాలు కలిస్తే మనిషి చిన్న జబ్బుకే మంచం పట్టే స్థితికి వస్తాడు. 2001లో లిండా ఫ్రైడ్ బృందం ఆ స్థితిని గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పింది: కావాలని తగ్గకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండటం, చేతి పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, ఒంటికి పని బాగా తగ్గిపోవడం. మూడు ఉంటే ఆ స్థితి వచ్చినట్టే. ఒకటి, రెండు ఉంటే దారిలో ఉన్నట్టు. ఆ దారిలో ఉన్నవాళ్లని వెనక్కి తేవడం చాలావరకు సాధ్యమే. మన శ్రమంతా వాళ్ల కోసమే.

వయసుతో పాటు ఇంకో మార్పు కూడా జరుగుతుంది. కుర్రవాళ్ల కండ కొద్దిపాటి ప్రొటీన్‌కే స్పందించి పెరగడం మొదలుపెడుతుంది. పెద్దవాళ్ల కండ తడికట్టెల పొయ్యి లాంటిది, చిన్న మంటకి అంటుకోదు. పూటకి 25 నుంచి 30 గ్రాముల ప్రొటీన్ ఒకేసారి అందితే బాగా స్పందిస్తుంది. అందుకే రోజు మొత్తంలో ఎంత తిన్నారన్నదే కాదు, ఏ పూట ఎంత తిన్నారన్నదీ చూడాలి. మన ఇళ్లలో ఏ పూటా అంత అందదు, ఉన్నదాంట్లో కాస్త ఎక్కువ మధ్యాహ్న భోజనంలో ఉంటుంది. పొద్దున, రాత్రి టిఫిన్లలో ఇంకా తక్కువ.

మొదటి అడుగు: ముందు కొలవండి

"మీకు కండ తగ్గింది" అంటే ఏ పెద్దాయనా ఒప్పుకోడు. కొలిచి చూపిస్తే ఆయనే అడుగుతాడు, "మరి ఏం చేయమంటావు?" అని.

చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి వేయండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల బలం తగ్గినట్టు లెక్క. పక్కన ఒకరు నిలబడే ఈ పరీక్ష చేయాలి. మోకాలి ఆపరేషన్ కొత్తగా అయినవాళ్లకి, కళ్లు తిరిగేవాళ్లకి చేయకండి.

రెండోది పిక్క కొలత. టైలర్ టేపుతో పిక్క ఎక్కడ లావుగా ఉందో అక్కడ చుట్టి చూడండి. మగవాళ్లకి 34 సెంటీమీటర్ల కంటే, ఆడవాళ్లకి 33 కంటే తక్కువుంటే ఇంకాస్త పరీక్ష అవసరం. టేపు లేకపోతే జపాన్‌లో వాడే చిట్కా ఒకటుంది. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి ఉంగరంలా చేసి పిక్క చుట్టూ పట్టుకోవాలి. వేళ్లు కలవకపోతే మంచిదే. కలిసి ఇంకా సందు మిగిలితే జాగ్రత్త పడాలి. కాళ్ల వాపు ఉన్నవాళ్లలో ఈ రెండు కొలతలూ మోసం చేస్తాయి.

మూడోది ఐదు ప్రశ్నలు. ఐదు కిలోల బియ్యం సంచి మోయడం కష్టంగా ఉందా? గది ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం? కుర్చీలోంచో మంచం మీంచో లేవడం? పది మెట్లు ఎక్కడం? ఈ నాలుగింటికీ ఇబ్బంది లేకపోతే సున్నా, కొంచెం ఉంటే 1, బాగా కష్టమైతే 2. ఐదోది, ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు? ఒకటి నుంచి మూడుసార్లయితే 1, నాలుగు అంతకు మించితే 2. మొత్తం 4, అంతకు మించి వచ్చిందంటే డాక్టర్‌ని కలవాలి. పడిన విషయం పెద్దవాళ్లు దాస్తారు. "ఎప్పుడైనా కాలు జారిందా పెద్దమ్మా?" అని మెల్లగా అడగండి.

బరువు మిషన్ ఒక్కదాన్నే నమ్మకండి. పొట్ట పెరిగి, తొడలు సన్నబడి, బరువు మాత్రం అలాగే ఉన్నవాళ్లు మనలో చాలామంది.

రెండో అడుగు: నిన్న ఏం తిన్నారో అడగండి

"పప్పు తింటారా?" అని అడిగితే "రోజూ తింటాం" అంటారు. ఆ జవాబు దగ్గర ఆగకండి. వంటింట్లోకి వెళ్లి పప్పు కొలిచే గ్లాసు చూపించమనండి.

రామమూర్తినగర్‌లో ఒక ఇంట్లో అడిగాను. "పెద్దమ్మా, పప్పుచారుకి పప్పు ఎంత పోస్తారు?" ఆవిడ స్టీలు టీ గ్లాసు తీసి చూపించారు. "ఇదిగో, ఈ గ్లాసుడు. నలుగురికీ రెండు పూటలా వస్తుంది." తూకం వేస్తే 85 గ్రాముల కందిపప్పు ఉంది. ఎనిమిది వాటాలు చేస్తే మనిషికి పూటకి పది గ్రాముల పప్పు, అంటే రెండు గ్రాముల పైచిలుకు ప్రొటీన్. ఆవిడ ఆ గ్లాసు వైపు కాసేపు చూసి, "ఇంతేనా నాయనా!" అన్నారు. ఇంక నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

మామూలు రోజు లెక్క ఒకటి కలిపి చూపించండి. పొద్దున కాఫీలో పాలు, 3 గ్రాములు. మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, 7. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం అన్నంలో 8, పప్పుచారులో 2, కూరలో 2, మజ్జిగలో 2. సాయంత్రం టీ, బిస్కెట్లు, 3. రాత్రి రెండు చపాతీలు, బంగాళదుంప కూర, 8. మొత్తం 35. ఈ లెక్కని వాళ్ల చేతే వేయించండి. మీరు వేసి చెప్తే మీ లెక్క అవుతుంది.

మూడో అడుగు: ఎంత కావాలో చెప్పండి, ఎవరికి చెప్పకూడదో కూడా

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలందరికీ కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెప్పింది. వృద్ధుల విషయంలో ప్రత్యేకంగా పనిచేసిన అంతర్జాతీయ నిపుణులు 65 దాటిన ఆరోగ్యవంతులకి కిలోకి 1.0 నుంచి 1.2 గ్రాములు, జబ్బుతో ఉన్నవాళ్లకి 1.2 నుంచి 1.5 అని సూచించారు. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. పైన చూసిన 35కి దాదాపు రెట్టింపు.

ఈ సలహా వినకూడని వాళ్లున్నారు. కిడ్నీ జబ్బు బాగా ముదిరి ఇంకా డయాలసిస్ మొదలుకాని వాళ్లు ప్రొటీన్ పెంచకూడదు. వాళ్లకి నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టర్, చెప్పిందే లెక్క. డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్ల సంగతి దీనికి తలకిందులు, వాళ్లకి ప్రొటీన్ ఎక్కువే కావాలి, అదీ డాక్టర్ చెప్పిన మేరకు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటే టెన్షన్ ఉండదు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)కి లెవోడోపా అనే మందు వాడేవాళ్లలో ప్రొటీన్ ఎక్కువున్న భోజనం మందు పనికి అడ్డం వస్తుంది కాబట్టి మాత్రకీ భోజనానికీ ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌ని అడగాలి. మింగేటప్పుడు పొలమారే వాళ్లకి ముందు ఆ సమస్య చూడాలి.

నాలుగో అడుగు: వాళ్ల వంటింట్లోనే మార్చండి

అసలు పని ఇక్కడుంది. కొత్త వంటకం నేర్పకండి. ఓట్స్, కినోవా, స్మూతీ లాంటి మాటలు ఎత్తకండి. వాళ్లు చిన్నప్పటి నుంచి తిన్నదాంట్లోనే కావలసినంత ఉంది.

పొద్దున టిఫిన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే మార్చడం అక్కడే తేలిక. ఇడ్లీకి రెండు గ్రాముల ప్రొటీన్ ఉంటే, 30 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో ఏడు ఉంటుంది. వారానికి మూడు రోజులు ఇడ్లీ బదులు రెండు పెసరట్లు, కొబ్బరి చట్నీ బదులు పల్లీ చట్నీయో పుట్నాల చట్నీయో, పక్కన ఒక గ్లాసు పాలు. ఈ మూడూ కలిపితే 22, 23 గ్రాములు. ఇడ్లీ మానలేనంటే మానొద్దు. సాంబారు గట్టిగా కాచి గిన్నెడు పోసుకోమనండి, ఒక ఉడికించిన గుడ్డు చేర్చమనండి. అనంతపురం వైపు వాళ్లయితే ఉగ్గాని ఉండనే ఉంది. దాంట్లో పప్పుల పొడి రెండు చెంచాలు కాకుండా నాలుగు చల్లి, గుప్పెడు పల్లీలు వేయించి కలపమనండి. ఇక్కడి ఉప్పిట్టు (ఉప్మా), చిత్రాన్నం, అవలక్కి (అటుకులు) అన్నీ పిండిపదార్థమే. వాటిల్లో పల్లీ, పచ్చిబఠాణీ, ఉడికించిన శనగలు పడితే తప్ప కండకి పనికిరావు.

రాగి జావ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో పొద్దున జావ ఒక్కటే తాగి, "బలమైన తిండి తిన్నాను" అనుకునే పెద్దవాళ్లున్నారు. రాగులు మంచివే, 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. కానీ గ్లాసు జావకి పట్టే రెండు చెంచాల పిండిలో ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. అదే జావని నీళ్లకి బదులు గ్లాసు పాలతో కాచి, దించాక రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపితే 12 గ్రాములు దాటుతుంది. రుచిలో పెద్ద తేడా ఉండదు. ఈ ఒక్కటి క్లాసులో చేసి చూపించి చిన్న గ్లాసుల్లో పోసి ఇవ్వండి, మిగతా మాటలు కూడా వింటారు.

మధ్యాహ్నం భోజనంలో పప్పు కొలత మార్చాలి. మనిషికి 40 గ్రాముల పచ్చిపప్పు, అంటే గట్టిగా రెండు గుప్పిళ్లు. ముద్దపప్పుగానో పాలకూర పప్పుగానో గట్టిగా వండాలి. ఆకలి తక్కువున్న పెద్దవాళ్లు చారన్నంతోనే కడుపు నింపేసుకుంటారు. పప్పన్నం ముందు తినమనండి, చారు చివర్లో గ్లాసులో పోసుకుని తాగమనండి. పెరుగు విషయంలో మన వాళ్లు పలచని మజ్జిగకి అలవాటు పడ్డారు. రెండు చెంచాల పెరుగుని గ్లాసు నీళ్లలో చిలికితే ఒక గ్రాము మిగులుతుంది. 150 గ్రాముల గట్టి పెరుగు అన్నంలో కలుపుకుంటే ఐదు వస్తుంది.

మాంసాహారులకి ఒక మాట. ఆదివారం ఒక్కరోజు కడుపునిండా చికెన్ తిని, మిగతా ఆరు రోజులూ చారన్నం తింటే లాభం తక్కువ. 100 గ్రాముల చికెన్‌లోనో చేపలోనో 20 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అదే కిలో చికెన్‌ని మూడు రోజులకి పంచుకుని వండుకోండి. గుడ్డు రోజూ తినొచ్చు. పచ్చసొన మానమని డాక్టర్ చెప్పి ఉంటే తెల్లసొన రెండు తినమనండి.

రాత్రి పూట అన్నిటికంటే అధ్వాన్నం. ఎనిమిదిన్నరకి రెండు ఇడ్లీలో, చపాతీలో తిని పడుకుంటారు. మరునాడు పొద్దున టిఫిన్ దాకా కండకి ఏమీ అందదు. చపాతీ పక్కన బంగాళదుంప బదులు 50 గ్రాముల పనీర్ పొరటు, రెండు గుడ్ల పొరటు, శనగల కూర, 20 గ్రాముల మీల్ మేకర్ కూర, వీటిల్లో ఏదో ఒకటి పెట్టండి. తొమ్మిది నుంచి పన్నెండు గ్రాములు చేరుతుంది. కొడుకూ కోడలూ ఆలస్యంగా వస్తారని ఎదురుచూసే తల్లులకి, "అమ్మా, నువ్వు ముందు తిను" అని కొడుకే చెప్పాలి. పక్కింటివాళ్లు చెప్తే వినరు.

పళ్లు లేనివాళ్లకి పల్లీలు పొడి చేసి, పనీర్ చిదిమి, గుడ్డు మెత్తగా పొరటి, చికెన్ కీమాగా, చేప పులుసుగా ఇవ్వండి. కందిపొడి, నెయ్యి వేడన్నంలో కలిపితే నమలాల్సిన పని ఉండదు. కట్టుడు పళ్లు వదులైపోతే సరిచేయించండి. తిండి తగ్గడానికి ఇది చాలా పెద్ద కారణం. ఇంట్లో వాళ్లు గమనించరు, పెద్దవాళ్లు చెప్పరు.

బెంగళూరు చలికాలం ఇచ్చే వరం ఒకటుంది. డిసెంబరు, జనవరిలో మార్కెట్ నిండా అవరెకాయి కుప్పలు. మన చిత్తూరు, అనంతపురం వాళ్లకి అవి అనపకాయలే. గింజలు నానబెట్టి, తొక్క పితికి చేసిన పితికిపప్పు కూర రాగిసంగటిలోకి పెడితే ఏ పెద్దాయనా వద్దనడు. గింజలు ఒలిచే పని పెద్దవాళ్లకే అప్పగించండి. నలుగురు కూర్చుని ఒలుస్తుంటే మాటలూ కలుస్తాయి, ఆకలీ పుడుతుంది. మిగతా కాలంలో ఉలవలు. 100 గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్. చారు వంపేసి గుగ్గిళ్లు పశువుకి పెట్టడం ఊరి అలవాటు. ఇక్కడ గుగ్గిళ్లకి తాలింపు పెట్టి తినమనండి, ప్రొటీన్ ఎక్కువ భాగం వాటిలోనే ఉంది.

ప్రొటీన్ పౌడర్లు అందరికీ అక్కర్లేదు. కొనేవాళ్లు డబ్బా వెనక చెంచాకి ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎంత చక్కెర అని చదివి కొనండి. బాగా నీరసించి తిండి సహించని వాళ్లకి డాక్టర్, డైటీషియన్ రాసిస్తే తప్పకుండా వాడాలి.

ఐదో అడుగు: అడ్డుపడే మాటలకి జవాబు సిద్ధం చేసుకోండి

"పప్పు తింటే గ్యాస్." నిజమే, ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది. పెసరపప్పుతో మొదలుపెట్టి, నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఇంగువ వేసి, వారానికి కొంచెం చొప్పున పెంచండి.

"యూరిక్ యాసిడ్ ఉంది, పప్పు మానేశాను." ఈ మాట చాలా చోట్ల వింటాను, బాధ కలుగుతుంది. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 47 వేల మంది మగవాళ్లని పన్నెండేళ్లు గమనించారు. మాంసం, సముద్రపు చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లలో గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు, పెరిగింది. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఉన్న పప్పుధాన్యాలు, కూరగాయలు తిన్నవాళ్లలో పెరగలేదు. పాలు, పెరుగు తీసుకున్నవాళ్లలో తగ్గింది. డాక్టర్ ప్రత్యేకంగా మానమంటే తప్ప పప్పు వదులుకోకండి.

"ఆపరేషన్ అయింది, పప్పు తింటే చీము పడుతుంది." పథ్యం పేరుతో వారాల తరబడి బ్రెడ్డు, జావ మీద ఉంచడం మన ఇళ్లలో జరిగే పెద్ద నష్టం. గాయం మానడానికీ ప్రొటీనే కావాలి. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. ఈ మాట సర్జన్ చేతే చెప్పించండి. డిశ్చార్జి రోజున, "పప్పు, గుడ్డు, పెరుగు పెట్టొచ్చా డాక్టర్?" అని అమ్మ ముందే అడగండి.

ఉపవాసాల జోలికి పోయి వాదించకండి. ఏకాదశికి, శనివారం రాత్రికి అటుకులు, సగ్గుబియ్యం మీద ఉండేవాళ్లకి పాలు, పెరుగు, పల్లీలు, పనీర్ చేర్చుకోవచ్చేమో అడగండి, చాలామంది ఆచారంలో అవి చెల్లుతాయి. షుగర్‌కి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు పూట మానడం ప్రమాదం. దాన్ని మాత్రం గట్టిగా చెప్పండి.

థైరాయిడ్ మాత్ర వేసుకోగానే పాల కాఫీ తాగే అలవాటు బెంగళూరులో ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. పరగడుపున మాత్ర వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం మాత్రకి, దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఆరో అడుగు: తిండికి తోడు కుర్చీ

1994లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున 87 ఏళ్లున్న వంద మంది మీద ఒక పరీక్ష జరిగింది. పది వారాలు కాళ్లకి బరువులతో వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది. పోషక పానీయం మాత్రమే తాగి వ్యాయామం చేయని వాళ్లలో నీరసం తగ్గలేదు. అందుకే తిండి గురించి చెప్పే క్లాసులో కుర్చీ కూడా ఉండాలి.

పొద్దున, సాయంత్రం పదేసి సార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట్లో చేతులు ఆనించుకోవచ్చు. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు. లీటరు నీళ్ల సీసా చేత్తో పట్టుకుని మోచేయి మడిచి చాపడం. రెండు రోజులకోసారి చేసినా చాలు, ఒక్కో వారం రెండేసి పెంచుకుంటూ పోవాలి. ఆగర చెరువు కట్ట మీద రోజూ గంట నడిచే పెద్దాయన, "నాకు వ్యాయామం అక్కర్లేదు" అంటాడు. నడక గుండెకి మంచిది, కాళ్లకి బలం కట్టడానికి అది ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో కూడా పెద్దవాళ్లకి వారంలో మూడు రోజులైనా బలం, నిలకడ పెంచే వ్యాయామం చేయమని ఉంది.

పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నడిచేవాళ్లకి విటమిన్ డి ఇచ్చే ఎండ అందదు. పది నుంచి మూడు మధ్య కాసేపు బాల్కనీలో కూర్చోమనండి, పరీక్ష చేయించి డాక్టర్ చెప్పిన మోతాదే వేసుకోమనండి. 60 వేల యూనిట్ల మాత్ర ఎవరో చెప్పారని నెలల తరబడి వేసుకోకూడదు. శాకాహారులకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లకి విటమిన్ బి12 పరీక్ష కూడా అవసరం.

ఏడో అడుగు: పదిమందికి చెప్పేటప్పుడు

క్లబ్‌హౌస్‌లో పెట్టండి, పొద్దున పదకొండు గంటలకి. పూజ, టిఫిన్ అయిపోయి వంట మొదలుకాని సమయం అది. నలభై నిమిషాలు మించొద్దు. ఫ్యాన్ల చప్పుడు, స్పీకర్ గోల లేకుండా చూడండి, సగం మందికి సరిగ్గా వినపడదు. రాసిచ్చే కాగితం తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి. కప్పులు, ఔన్సులు వద్దు. గ్లాసు, గరిటె, గుప్పెడు, చెంచా. ఒక క్లాసులో ఒక్క పూటే తీసుకోండి.

వంట మనిషి ఉన్న ఇళ్లలో వంట మనిషిని పిలవకపోతే క్లాసు వృథా. ఆమె కన్నడో హిందీయో మాట్లాడుతుంది, పప్పు ఎంత పోయాలో ఆమె చేతిలో ఉంది. గ్లాసు మీద మార్కర్‌తో గీత గీసి ఇవ్వండి, భాష అక్కర్లేదు.

చివర్లో "అర్థమైందా?" అని అడగకండి, అందరూ తలూపుతారు. "బాబాయ్ గారూ, ఇంటికెళ్లాక కోడలికి ఎలా చెప్తారో ఒకసారి చెప్పండి" అనండి. తప్పు చెప్తే అక్కడే సరిచేయొచ్చు. తర్వాత ఈ వారం చేయబోయే ఒక్క మార్పుని ఆయన నోటితోనే చెప్పించి రాసుకోండి. వారం తర్వాత అడగాల్సింది దాని గురించే.

ఎనిమిదో అడుగు: ఆసుపత్రి నుంచి వచ్చిన నెల

డెంగీ, మోకాలి ఆపరేషన్, న్యుమోనియా, ఏదైనా కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీద ఉంచితే ఒక్క కాళ్ల నుంచే కిలో దాకా కండ పోయిందని 2007లో అమెరికాలో చేసిన పరీక్షలో తేలింది. జబ్బులో ఇంకా ఎక్కువ పోతుంది. ఈ నెలలో రోజుకి మూడు పెద్ద భోజనాలు సాధ్యం కాదు కాబట్టి రెండున్నర గంటలకోసారి చిన్నది పెట్టండి: పాలపొడి కలిపిన జావ, గుడ్డు, పెరుగన్నం, పెసరపప్పు కట్టు కాకుండా పప్పే, పనీర్. ఫిజియోథెరపిస్ట్ లేపమన్న రోజే లేపి కూర్చోబెట్టండి. "పాపం, పడుకోనివ్వండి" అనే ప్రేమ ఇక్కడ చెరుపు చేస్తుంది.

చివరి అడుగు: మూడు నెలలకి మళ్లీ కొలవండి

అదే కుర్చీ, అదే టేపు, అదే గ్లాసు. కుర్చీ సమయం రెండు సెకన్లు తగ్గినా ఆ కాగితం ఇంట్లో అందరికీ చూపించండి. పిక్క కొలత అంత తొందరగా మారదు, దానికోసం నిరుత్సాహపడొద్దు. లిఫ్ట్ లేకుండా ఒక అంతస్తు ఎక్కగలిగారా, కమోడ్ మీంచి పట్టుకోకుండా లేవగలుగుతున్నారా అని అడగండి, అవీ కొలతలే.

మార్పు లేకపోతే ముందు పప్పు గ్లాసు చూడండి, పాత గీతకే వచ్చేసి ఉండొచ్చు. తిండీ వ్యాయామం రెండూ సరిగ్గా సాగుతున్నా బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయకండి. థైరాయిడ్, టీబీ, క్యాన్సర్, అదుపులో లేని షుగర్, ఎవరికీ చెప్పుకోలేని దిగులు, వీటిలో ఏదైనా ఉండొచ్చు. మూడు నెలల కొలతలు రాసిన కాగితం, వేసుకుంటున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వృద్ధుల వైద్యంలో అనుభవమున్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.